ఎలక్ట్రానిక్స్ మనీషి ఎ.ఎస్. రావు

ఉద్దేశం: కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు మన దేశంలోనే తయారుకావడానికి పునాది వేసిన తెలుగు శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు. ఆయన జీవితాన్ని, కృషిని పరిచయం చేయడం, యంత్రానికీ మనిషికీ నడుమ ఉండవలసిన సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

2004వ సంవత్సరంలో జరిగిన సార్వత్రిక ఎన్నికలలో దేశమంతటా తొలిసారిగా అన్ని లోక్‌సభ నియోజకవర్గాలలోనూ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను ఉపయోగించారు. నేడు పల్నాడు జిల్లాలో ఉన్న ఈపూరు ఆనాడు గుంటూరు జిల్లాలోని మండల కేంద్రం. వినుకొండ శాసనసభ నియోజకవర్గంలోని ఆ ఊళ్ళోనూ, చుట్టుపట్ల గ్రామాలలోనూ, అంతవరకు కాగితం మీద ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేయడానికి అలవాటుపడిన ఓటర్లు ఆ రోజు ఒక కొత్త వస్తువు ఎదుట నిలబడ్డారు. చదువు వచ్చినవారూ రానివారూ, పత్తి చేలలో పని మాని వచ్చిన కూలీలూ, కర్ర ఊతగా నడిచి వచ్చిన వృద్ధులూ అందరూ చేయవలసింది ఒక్కటే. తమకు తెలిసిన గుర్తు పక్కనున్న నీలిరంగు మీట నొక్కాలి. గుర్తు పక్కన ఎర్రని దీపం వెలుగుతుంది. సన్నని ధ్వని వినిపిస్తుంది. ఓటు పడినట్లు ఆ వెలుగే, ఆ ధ్వనే సాక్ష్యం.

చూడడానికి ఇంత సులభంగా కనిపించే ఈ యంత్రం ఒక చిన్న సమాచార వ్యవస్థ. దానిలో చేతితో తాకగల భాగాలున్నాయి, అవి హార్డ్‌వేర్. ఆ భాగాలు ఏ క్రమంలో పనిచేయాలో నిర్దేశించే ఆదేశాలున్నాయి, అవి సాఫ్ట్‌వేర్. మనిషికీ యంత్రానికీ మాట కలిపే మీటా, దీపమూ, ధ్వనీ ఉన్నాయి. వాటినే వినియోగదారు ముఖతలం అనవచ్చు. ఈ మూడూ సమకూరినప్పుడే యంత్రం మనిషికి పనికివస్తుంది. ఇటువంటి యంత్రాలను భారతీయులే రూపొందించగలరని విశ్వసించి, ఆ విశ్వాసాన్ని ఒక గొప్ప పరిశ్రమగా నిలబెట్టిన మహనీయుడు ఎ.ఎస్. రావు. ఓటింగ్ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ఆయనే వ్యవస్థాపకుడు. ఈసీఐఎల్ అనే పొట్టిపేరుతో ఆ సంస్థ తెలుగువారందరికీ పరిచితమే.

జననం - విద్యాభ్యాసం

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబరు 20వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతంలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. భీమవరానికి సమీపంలో ఉన్న ఈ గ్రామం మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు వంశీకుల ఊరుగా కూడా ప్రసిద్ధి పొందింది. ఆయన పుట్టిన కాలానికి మన పల్లెలలో విద్యుద్దీపమే అపురూపం. రేడియో ప్రసారాలు దేశంలో ఇంకా ఆరంభం కాలేదు. అటువంటి పల్లెలో కళ్ళు తెరిచిన బాలుడు ఎలక్ట్రానుల ప్రవాహాన్ని వశపరచుకొనే విద్యలో నిష్ణాతుడు కావడం విశేషం.

ఆ కాలంలో విజ్ఞానశాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించగోరిన తెలుగు యువకులు చాలామంది దూరప్రాంతాలకు వెళ్ళవలసివచ్చేది. సాంబశివరావు పండిత మదనమోహన మాలవీయ స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరి ఎమ్మెస్సీ పట్టా పొందారు. తరువాత అక్కడే కొన్ని సంవత్సరాలు అధ్యాపకులుగా పనిచేశారు. బోధించడంలో ఆయనకు తృప్తి ఉన్నా, పాఠంలో చెప్పే సూత్రాన్ని పరికరంగా మలచడం మీదనే ఆయన దృష్టి నిలిచింది. టాటా సంస్థ వారి విద్యార్థివేతనం ఆయనకు ఆ దారి చూపింది. 1940ల మధ్యలో ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో మాస్టర్స్ పట్టా సాధించారు. ఆ విశ్వవిద్యాలయ పరిసరాలే ఉత్తరోత్తరా సిలికాన్ లోయ పేరుతో ప్రపంచ ఎలక్ట్రానిక్స్ రంగానికి కేంద్రమయ్యాయి. అక్కడ విశ్వవిద్యాలయమూ పరిశ్రమా చేయీ చేయీ కలిపి నడవడం ఆరంభమైన రోజులవి. రావు చదువు ముగిసిన పిమ్మట స్వదేశానికి తిరిగివచ్చారు.

హోమీ భాభా సాహచర్యం

హోమీ జహంగీర్ భాభా 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించారు. అంతరిక్షం నుండి భూమి మీద నిరంతరం కురిసే విశ్వకిరణాలను గురించి ఆ సంస్థలో పరిశోధనలు సాగేవి. ఈ కిరణాలు కంటికి కనబడవు, చేతికి తగలవు. వాటి రాకను పసిగట్టి, లెక్కపెట్టి చూపడానికి సున్నితమైన పరికరాలు కావాలి. ఆనాడు అటువంటి పరికరాలు మన బజారులో దొరికేవి కావు. విదేశాల నుండి తెప్పించుకోవాలంటే విదేశీ మారకద్రవ్యం కొరత. తెప్పించుకున్నా అవి చెడిపోతే బాగుచేసేవారు లేరు. కాబట్టి పరిశోధకులు తమ పరికరాలను తామే తయారుచేసుకోవలసివచ్చింది. ఈ పనికి భాభాకు తగిన తోడు సాంబశివరావు రూపంలో లభించింది.

భాభా సిద్ధాంతంలో దిట్ట. రావు నిర్మాణంలో దిట్ట. ప్రకృతి రహస్యాలను గణితంతో వెదికే మేధకు, ఆ రహస్యాలను కొలిచి చూపే పరికరాలు సమకూర్చే హస్తం తోడైంది. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. 1954లో బొంబాయి సమీపంలోని ట్రాంబేలో అణుశక్తి పరిశోధన కేంద్రం నెలకొన్నది. భాభా మరణానంతరం 1967లో ఈ కేంద్రానికే భాభా అణు పరిశోధన కేంద్రమని పేరు మార్చారు. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగానికి రావు నాయకత్వం వహించారు. రేడియోధార్మికతను కొలిచే సాధనాలు, లెక్కింపు పరికరాలు, నియంత్రణ సామగ్రి ఆయన పర్యవేక్షణలో రూపుదిద్దుకున్నాయి.

అప్సర నియంత్రణ వ్యవస్థ

1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో 'అప్సర' అనే అణు రియాక్టర్ పనిచేయడం ప్రారంభించింది. ఆసియా ఖండంలో సోవియట్ యూనియన్ వెలుపల నెలకొన్న తొలి రియాక్టర్ ఇదే. దీనికి ఇంధనాన్ని బ్రిటన్ సరఫరా చేసింది. రియాక్టరును మాత్రం భారతీయ ఇంజినీర్లే నిర్మించారు. దాని నియంత్రణ వ్యవస్థను సమకూర్చే బాధ్యత రావు, ఆయన సహచరులపై పడింది.

ఈ బాధ్యత ఎంత బరువైనదో కొంత వివరించుకోవాలి. రియాక్టరులో ఒక పరమాణు కేంద్రకం విచ్ఛిన్నమైనప్పుడు న్యూట్రాన్లు వెలువడతాయి. అవి మరికొన్ని కేంద్రకాలను విచ్ఛిన్నం చేస్తాయి. ఈ పరంపర హెచ్చితే ప్రమాదం, తగ్గితే రియాక్టర్ ఆగిపోతుంది. లోపల ఏమి జరుగుతున్నదో మనిషి కన్ను చూడలేదు. అందువల్ల న్యూట్రాన్ల సంఖ్యను కొలిచే సాధనాలు లోపలి స్థితిని విద్యుత్ సంకేతాలుగా మార్చి పంపాలి. ఆ సంకేతాలను బలపరచి, నియంత్రణ గదిలోని కొలమానాలపై ముల్లు కదలికగా, దీపాల వెలుగుగా చూపాలి. గదిలో కూర్చున్న వ్యక్తి దానిని చూచి నిర్ణయం తీసుకోవాలి. అతడు ఏమరుపాటున ఉన్నా, హద్దు మీరిన మరుక్షణమే నియంత్రణ కడ్డీలు తమంత తాము లోపలికి జారి చర్యను ఆపివేయాలి. కొలవడం, తెలియజేయడం, నిర్ణయించడం, ఆచరించడం అనే నాలుగు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన మూడూ వ్యర్థమే. నేటి సమాచార వ్యవస్థలన్నిటికీ మూలసూత్రం ఇదే.

నియంత్రణ సామగ్రిని విదేశాల నుండి కొనడం సులభమైన మార్గం. కాని కొన్న వస్తువు వాడుకను మాత్రమే నేర్పుతుంది. చేసిన వస్తువు విద్యనే నేర్పుతుంది. రావు బృందం రెండవ మార్గాన్ని అనుసరించింది. అప్సర సఫలం కావడంతో, కష్టతరమైన ఎలక్ట్రానిక్ వ్యవస్థలను సైతం మనవారు నిర్మించగలరన్న ధైర్యం దేశానికి కలిగింది. 1960లో భారత ప్రభుత్వం రావును పద్మశ్రీ బిరుదంతో గౌరవించింది. ఇంజినీరింగ్ విభాగంలో 1965 సంవత్సరపు శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయనను వరించింది.

ప్రయోగశాల నుండి కర్మాగారానికి

1962లో చైనాతో జరిగిన యుద్ధం మన రక్షణ రంగంలోని లోపాలను బయటపెట్టింది. రాడార్లు, సమాచార ప్రసార సాధనాలు, నియంత్రణ పరికరాలు అన్నిటికీ ప్రాణం ఎలక్ట్రానిక్స్. ఆ విద్యలో పరాధీనమైన దేశం ఆపత్సమయంలో ఇతరుల దయకోసం ఎదురుచూడవలసివస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించి ప్రభుత్వం 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం వంటి శాస్త్రవేత్తలతో పాటు రావు కూడా దానిలో సభ్యులు. దేశానికి ఎటువంటి ఎలక్ట్రానిక్ పరికరాలు ఎంత మేరకు అవసరమో, వాటిని మనమే తయారుచేసుకొనడానికి ఏమి చేయాలో ఈ కమిటీ కూలంకషంగా పరిశీలించింది. దురదృష్టవశాత్తు 1966 జనవరి 24వ తేదీన ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో భాభా మరణించారు.

నాయకుడు పోయినా సంకల్పం ఆగలేదు. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ విభాగం తన పరిశోధనకు కావలసిన పరికరాలతో పాటు ఇతర ప్రయోగశాలలకూ పరికరాలు తయారుచేసే స్థాయికి అప్పటికే ఎదిగింది. ప్రయోగశాల పని ఒక కొత్త వస్తువును రూపొందించడం. దానిని వందల సంఖ్యలో, ఒకే నాణ్యతతో, గడువుకు అందించడం కర్మాగారం పని. ఈ రెండింటికీ మధ్య ఉన్న అగాధాన్ని దాటడానికి అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఈసీఐఎల్ ఆవిర్భవించింది. దాని నిర్వహణ భారాన్ని రావు స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. పేరు ప్రతిష్ఠలు సంపాదించిన శాస్త్రవేత్త ఆ వయస్సులో నిశ్చింతగా పరిశోధన సాగించుకోవచ్చు. అలాకాక ఉత్పత్తి, అమ్మకాలు, కార్మికుల సమస్యలు, లాభనష్టాల లెక్కలు నిండిన కొత్త జీవితాన్ని ఆయన కోరి ఎన్నుకున్నారు.

నగర శివార్లలో వెలసిన ఈ పరిశ్రమలో విద్యుత్ భాగాలు మొదలుకొని అణు విద్యుత్కేంద్రాల నియంత్రణ సామగ్రి వరకు తయారుకాసాగాయి. యువ ఇంజినీర్లకు అది ఉద్యోగశాల మాత్రమే కాక విద్యాశాల కూడా అయింది. విదేశీ సంస్థ ఇచ్చిన నమూనాను అనుకరించడానికి బదులు, స్వదేశంలో జరిగిన పరిశోధన ఆధారంగా వస్తువులు ఉత్పత్తి చేయడం ఈ సంస్థ ఎంచుకున్న మార్గం.

స్వదేశీ కంప్యూటర్

మన దేశానికి కంప్యూటర్ 1950లలోనే వచ్చింది. కలకత్తాలోని భారత గణాంక సంస్థ బ్రిటన్ నుండి ఒక యంత్రాన్ని తెప్పించింది. టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నేతృత్వంలో నిర్మించిన 'టిఫ్రాక్' 1960లో పనిలోకి వచ్చింది. అది శూన్యనాళికలతో పనిచేసే యంత్రం. అది పరిశోధన కోసం నిర్మించిన ఒకే ఒక్క యంత్రం. అమ్మకానికి ఉద్దేశించినది కాదు. కొనదలచినవారు విదేశీ సంస్థలనే ఆశ్రయించవలసివచ్చేది.

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అనే పేరుతో ట్రాంబే ఇంజినీర్లు రూపొందించిన టీడీసీ-12 యంత్రాన్ని 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. శూన్యనాళికలకు బదులు ట్రాన్సిస్టర్లు ఉపయోగించిన యంత్రమిది. దీనిని ఉత్పత్తి చేసి దేశంలోని సంస్థలకు అందించే పనిని ఈసీఐఎల్ చేపట్టింది. 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 అనే యంత్రాలు వెలువడ్డాయి. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, ప్రభుత్వ శాఖలు వాటిని కొన్నాయి. 1970లు ముగిసేలోగా ఈ సంస్థ అమ్మిన కంప్యూటర్లు దాదాపు నూరు.

ఈ పేర్లలోని సంఖ్యలకు అర్థముంది. కంప్యూటరుకు తెలిసిన అక్షరాలు సున్నా, ఒకటి అనే రెండే. ఆ అక్షరాన్ని బిట్టు అంటారు. టీడీసీ-12 ఒకసారికి 12 బిట్ల మాటను స్వీకరించేది. 12 బిట్లతో 4,096 వేర్వేరు సంఖ్యలను సూచించవచ్చు. టీడీసీ-316లో మాట పొడవు 16 బిట్లు. దానితో 65,536 సంఖ్యలను సూచించవచ్చు. నాలుగు బిట్లు పెరిగితే శక్తి పదహారు రెట్లయిందన్నమాట. ఆ తరం కంప్యూటర్లలో సమాచారాన్ని భద్రపరచడానికి ఫెర్రైటు అనే అయస్కాంత పదార్థంతో చేసిన అతి చిన్న వలయాలను వాడేవారు. పూసలు గుచ్చినట్లు సన్నని తీగల వలలో ఆ వలయాలను చేతితో గుచ్చేవారు. ఒక్కొక్క వలయం ఒక్కొక్క బిట్టును జ్ఞాపకముంచుకొనేది. వేల బిట్లు కావాలంటే వేల వలయాలను గుచ్చవలసిందే. హార్డ్‌వేర్ అనే మాట వెనుక ఎందరి చేతుల ఓర్పు దాగి ఉన్నదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆనాటి కంప్యూటరుతో మాట్లాడడం కూడా కష్టసాధ్యమే. నేటివలె రంగుల తెర, బొమ్మలు, వేలితో తాకితే కదిలే పుటలు లేవు. యంత్రం ముందు పలక మీద మీటలూ దీపాలూ ఉండేవి. ఆదేశాలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి యంత్రానికి అందించేవారు. సమాధానం టైపు యంత్రం మీద టకటకమని అచ్చయ్యేది. ఒక్క రంధ్రం తప్పు పడితే లెక్క మొత్తం తలక్రిందులయ్యేది. అందుచేత కంప్యూటర్ కొనడంతోనే పని తీరేది కాదు. దానికి తగిన సాఫ్ట్‌వేర్ కావాలి. వాడేవారికి శిక్షణ కావాలి. చెడినప్పుడు బాగుచేసే నిపుణులు అందుబాటులో ఉండాలి. యంత్రమూ, ఆదేశాలూ, మనుషులూ కలిసిన వ్యవస్థను సిద్ధం చేయవలసి రావడంతో కంప్యూటర్ విద్య తెలిసిన తరం ఒకటి హైదరాబాదులో తయారైంది. ఆ నగరం తరువాతి దశాబ్దాలలో సాఫ్ట్‌వేర్ కేంద్రంగా ఎదగడానికి అనేక కారణాలున్నాయి. వాటిలో ఈ తరం నిపుణుల ఉనికి కూడా ఒకటి.

విమర్శలు - విలువ

రావు కృషికి ప్రశంసలతో పాటు విమర్శలు కూడా ఎదురయ్యాయి. స్వదేశీ కంప్యూటర్ల ధర అధికమని, విదేశాలలో వచ్చిన కొత్త యంత్రాలతో పోలిస్తే అవి వెనుకబడి ఉన్నాయని, కోరిన గడువుకు అందడంలేదని కొనుగోలుదారులు ఆక్షేపించారు. ఒకే ప్రభుత్వ సంస్థకు ఈ రంగాన్ని అప్పగించడం వల్ల పోటీ లేకుండా పోయిందని కొందరు నిపుణులు భావించారు. ఈ విమర్శలలో యథార్థం లేకపోలేదు. ప్రపంచంలో కంప్యూటర్ విద్య రెండు మూడు సంవత్సరాలకొక మారు రూపు మార్చుకొంటున్న కాలమది. తక్కువ సంఖ్యలో యంత్రాలు చేసే సంస్థ ధర తగ్గించలేదు. ధర తగ్గనిదే అమ్మకాలు పెరగవు. ఈ చక్రవ్యూహం నుండి బయటపడడం ఈసీఐఎల్‌కు సాధ్యం కాలేదు. 1970ల చివర ప్రభుత్వం చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను అనుమతించింది. వాటి రాకతో మార్కెట్ స్వరూపమే మారిపోయింది.

అయితే నాణేనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1978లో ఐబీఎం సంస్థ భారతదేశం నుండి నిష్క్రమించింది. అంతవరకు ఆ సంస్థ యంత్రాల మీద ఆధారపడిన కార్యాలయాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి సమయంలో కంప్యూటరును లోపలి భాగాలతో సహా తెలిసిన ఇంజినీర్లు దేశంలో ఉండడం పెద్ద ఆసరా. అణు రియాక్టర్లకు, రక్షణ అవసరాలకు కావలసిన వ్యవస్థలను డబ్బిచ్చినా అమ్మని దేశాలున్న రోజులవి. ధరతో మాత్రమే తూచినప్పుడు ఓడిపోయిన ప్రయత్నం, నేర్చిన విద్యతో తూచినప్పుడు గెలిచినట్లే తోస్తుంది. ఈ రెండు తూకాలలో ఏది సరియైనదన్న ప్రశ్న నేటికీ సజీవమే.

పల్లెకు చేరిన తెర

ఈసీఐఎల్ కృషి నగరాలకు, ప్రయోగశాలలకు పరిమితం కాలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం సహాయంతో మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలను నేరుగా అందించడం దాని లక్ష్యం. దానినే సైట్ ప్రయోగం అన్నారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం, పిల్లల చదువు గురించిన కార్యక్రమాలు అందులో ప్రసారమయ్యేవి. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు అవి తెలుగులోనే వినిపించేవి. గ్రామాలలో నెలకొల్పిన టెలివిజన్ పెట్టెలను ఈసీఐఎల్ తయారుచేసింది.

ప్రయోగశాలలో పనిచేసే పరికరం వేరు, పల్లెలో పనిచేసే పరికరం వేరు. పల్లెలో దుమ్ము ఉంటుంది, ఎండ ఉంటుంది, విద్యుత్తు హెచ్చుతగ్గులుంటాయి. కొన్ని ఊళ్ళలో విద్యుత్తే లేక బ్యాటరీలతో నడపవలసివచ్చింది. పెట్టెను తెరిచి మూసే వ్యక్తి ఇంజినీరు కాడు, ఊరివారిలో ఒకడు. కాబట్టి పరికరం దృఢంగా ఉండాలి, మీటలు తక్కువగా ఉండాలి, మరమ్మతు తేలికగా ఉండాలి. వాడుకరి తన అలవాట్లను యంత్రం కోసం మార్చుకోవడం కాదు, యంత్రమే వాడుకరి స్థితిగతులకు అనుగుణంగా ఒదగాలి. ఈ ప్రయోగం మన ఇంజినీర్లకు నేర్పిన పెద్ద పాఠం ఇది.

సంప్రదాయం కొనసాగింపు

1972లో రావుకు పద్మభూషణ్ పురస్కారం లభించింది. 1978లో ఆయన ఈసీఐఎల్ బాధ్యతల నుండి విశ్రాంతి పొందారు. ఆయన నెలకొల్పిన సంప్రదాయం సంస్థలో నిలిచింది. ఎన్నికల సంఘం కోరిక మేరకు ఆ సంస్థ 1979లో ఓటింగ్ యంత్రపు నమూనాను సిద్ధం చేసింది. 1980 ఆగస్టులో రాజకీయ పక్షాల ప్రతినిధులకు దానిని ప్రదర్శించారు. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో తొలిసారిగా ఓటింగ్ యంత్రాలను వాడారు. చట్టంలో అందుకు అవకాశం లేదని సుప్రీంకోర్టు 1984లో తీర్పు ఇవ్వడంతో వాటి వాడుక నిలిచిపోయింది. తరువాత పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. యంత్రం ఎంత గొప్పదైనా దానిని సమాజం, చట్టం అంగీకరించిన తరువాతనే అది ప్రజల వస్తువు కాగలదని ఈ చరిత్ర తెలియజేస్తున్నది. 2004 నాటికి అది దేశవ్యాప్తమైంది. ఓటరు తన ఓటును కళ్ళారా చూడాలన్న కోరిక బలపడగా, 2019 సార్వత్రిక ఎన్నికల నాటికి ఓటు వివరాన్ని కాగితంపై ముద్రించి చూపే పరికరాన్ని కూడా అన్ని కేంద్రాలలో జతచేశారు.

2008లో చంద్రయాన్-1 చంద్రుని చేరినప్పుడు దాని సంకేతాలను అందుకొనడానికి బెంగళూరు సమీపాన బైలాలులో 32 మీటర్ల వ్యాసం గల ఆంటెన్నా నెలకొల్పారు. దాని నిర్మాణంలోనూ ఈసీఐఎల్ పాలుపంచుకొన్నది. ఆనాటికి రావు లేరు. 2003 అక్టోబరు 31వ తేదీన తమ 89 సంవత్సరాల వయస్సులో ఆయన కన్నుమూశారు.

హైదరాబాదులో ఆయన స్థాపించిన సంస్థకు సమీపంలో వెలసిన పెద్ద నివాసప్రాంతానికి ఎ.ఎస్. రావు నగర్ అని పేరు. నిత్యం వేలాది ప్రజలు ఆ పేరును పలుకుతారు. ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు కొందరే. యుద్ధవీరుల విగ్రహాలు కూడళ్ళలో నిలుస్తాయి. యంత్రాలను నిర్మించినవారి స్మృతి ఆ యంత్రాల పనిలో కలిసిపోతుంది. మంచి యంత్రం తన్ను తాను మరపిస్తుంది. దానిని చేసినవారినీ మరపిస్తుంది.

ముగింపు

ఈపూరు పోలింగ్ కేంద్రంలో ఆనాడు మీట నొక్కిన ఓటరుకు మోగల్లులో పుట్టిన సాంబశివరావు ఎవరో తెలియకపోవచ్చు. తెలియవలసిన అవసరం కూడా ఆ క్షణంలో లేదు. గుర్తు కనబడింది, దీపం వెలిగింది, ధ్వని వినబడింది, మనసులోని నిర్ణయం నమోదైంది. అప్సర నియంత్రణ గదిలో ముల్లు కదలికను చూచి నిర్ణయం తీసుకొన్న ఇంజినీరుకూ, పల్లెలో దీపం వెలుగును చూచి తృప్తిపడిన ఓటరుకూ యంత్రం చేసిన సేవ ఒక్కటే. కనబడని దానిని కనబడేటట్లు చేసి, నిర్ణయాన్ని మనిషి చేతిలోనే ఉంచడం ఆ సేవ.

నేడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉన్నది. టీడీసీ-12 కన్నా అది ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. అయినా దాని లోపల ఏమి జరుగుతున్నదో ఎరిగినవారు తక్కువ. వాడుకతో తృప్తిపడక, వస్తువును విప్పి చూచి, తిరిగి నిర్మించగల విద్యను సంపాదించడమే ఎ.ఎస్. రావు జీవితం విద్యార్థులకు అందించే సందేశం.

అర్థాలు

మనీషి = బుద్ధిశాలి
నిష్ణాతుడు = బాగా నేర్పుగలవాడు
ఉత్తరోత్తరా = తరువాతి కాలంలో
కూలంకషంగా = సమగ్రంగా, పూర్తిగా
పరాధీనం = ఇతరులపై ఆధారపడినది
అగాధం = మిక్కిలి లోతైన గొయ్యి
పార్శ్వం = పక్క, ప్రక్కభాగం
నిష్క్రమించు = వెళ్ళిపోవు
ఏమరుపాటు = అజాగ్రత్త

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. స్వదేశీ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ స్థాపనలో ఎ.ఎస్. రావు చేసిన కృషిని వివరించండి.
2. టీడీసీ కంప్యూటర్ల విశేషాలను, వాటిపై వచ్చిన విమర్శలను చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. అప్సర నియంత్రణ వ్యవస్థ ఎలా పనిచేస్తుంది?
2. పల్లెలో వాడే పరికరానికి ఉండవలసిన లక్షణాలేవి?
3. ఓటింగ్ యంత్రంలో హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, ముఖతలం ఏవో తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఎ.ఎస్. రావు జన్మించిన గ్రామం ఏది?
2. ఈసీఐఎల్ ఎప్పుడు, ఎక్కడ ఆవిర్భవించింది?
3. 16 బిట్లతో ఎన్ని సంఖ్యలను సూచించవచ్చు?